తెల్లకుక్కకు గేదె వైద్యం

నాలుగు రోజుల్లో ఒక మూగజీవానికి మూడు రంగులు మార్చి, అది చాలక పదిహేను రోజులు వీధుల్లో ఊరేగించిన ఘనుడు మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇప్పుడు తెలుసుకోండి. నేనే. ధవళేశ్వరంలో ఇప్పటికీ నలుగురు పాతవాళ్ళు కూర్చున్న చోట నా పేరెత్తితే "ఎవరూ, కుక్క సూర్రావా" అంటారు. ముప్ఫై ఏళ్ళు కాలవ లాకుల దగ్గర లస్కరుగా చేసి, తలుపులెత్తి దించి, ఎన్ని చేలకు నీళ్ళు వదిలానో ఒక్కడికీ గుర్తు లేదు. కుక్కపిల్ల మాత్రం గుర్తుంది. లోకం తీరు ఇలా ఏడిసింది కనుక, ఆ ఘోరం ఎలా జరిగిందో నేనే చెప్పేస్తే కనీసం అబద్ధాలైనా తగ్గుతాయని రాస్తున్నాను.

ముందు నా చదువు సంగతి చెప్పాలి, తప్పంతా దానిదే కనుక. అయిదో తరగతితో బడి నన్ను వదిలేసింది గాని, నేను చదువును వదల్లేదు. పచారీ కొట్టు నుంచి వచ్చిన ప్రతి పొట్లాన్నీ విప్పి, సరుకు డబ్బాలో పోసి, కాగితాన్ని అరచేత్తో సాపు చేసి చదివేవాణ్ణి. మినప్పప్పు నాకు గ్రహాల గురించి చెప్పింది. ధనియాలు న్యాయశాస్త్రం నేర్పాయి. ఎండుమిరపకాయల పుణ్యమా అని తెల్లదొరల చరిత్ర తెలిసింది. ఒకటే చిక్కు. పొట్లం కాగితానికి మొదలుంటే చివర ఉండదు, చివరుంటే మొదలుండదు. ఒక హత్య కేసులో ముద్దాయికి శిక్ష పడిందో, వదిలేశారో నాకు ఈనాటికీ తెలియదు. చింతపండు కట్టిన కాగితమైతే ఉన్నదీ కనపడదు.

ఇలాంటివాడికి ఎదురింట్లో రెండు బీరువాల పుస్తకాలుంటే వాడికెలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ ఎదురిల్లు గ్రేసమ్మ టీచరుగారిది. మిషను బడిలో హెడ్మిస్ట్రెసుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ భర్త పోతూ పోతూ వదిలి వెళ్ళిన పుస్తకాలవి. అన్నీ అట్టలతో సహా, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఉన్నవి. వాటిని వీధివాళ్ళ కోసం తన వరండాలో చదువుకునే గదిలా పెట్టాలని ఆవిడ అనుకుంటున్నారు. బీరువాల తాళం ఎవరి చేతికివ్వాలన్నదే తేలలేదు. పోటీలో ఇద్దరం ఉన్నాం. ఒకడిని నేను, రెండోవాడు సొసైటీ గుమస్తా వెంకట్రాజు. వెంకట్రాజు బి.కాం. చదివాడు. అది చదివాక మళ్ళీ ఏదీ చదవలేదు.

ఒకరోజు సిగ్గు విడిచి అడిగేశాను. "ఆ తాళం నాకిప్పించండి టీచరుగారూ."

"మీకు చదువు మీద ఎంత ప్రేమో నాకు తెలుసు సూర్రావుగారూ. కానీ ఒక వస్తువు మీ చేతిలో పెడితే పెట్టినట్టు తిరిగొస్తుందా అన్నది చూడాలి కదండీ" అన్నారావిడ.

చూసే అవకాశం శ్రావణమాసంలో వచ్చింది. కేబుల్ టీవీ మా వీధికి కొత్తగా వచ్చిన రోజులవి. దానితో పాటే, తెల్ల పమేరియన్ కుక్కపిల్ల ఉంటేనే ఇల్లు ఇల్లనే పిచ్చి రాజమండ్రి నుంచి మా ఊరికి పాకింది. టీచరుగారు కూడా ఒకదాన్ని తెచ్చుకున్నారు. మూడు నెలల పిల్ల, పేరు లిల్లీ. బూరుగుదూది ఉండకు రెండు మిరియాలు, ఒక నేరేడుపండు అతికిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. ఒక శుక్రవారం పొద్దున్న టీచరుగారు చెల్లెలి కూతురి పెళ్ళికని తణుకు వెళ్తూ ఆ ఉండను తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

"సోమవారం వచ్చేస్తానండి. పెరుగన్నం పెట్టండి, చాలు. వారం నుంచి ఒళ్ళు గోక్కుంటోంది, పొట్టు రాలుతోంది. నేనొచ్చాక పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తాను. ఈలోపు మీరేం వైద్యం చెయ్యకండి."

ఆ "మీరేం" అన్నచోట ఆవిడ వేసిన బరువు చూడాలి. లాకు తలుపు అంత బరువు. నేను నొచ్చుకున్నాను. సరిగ్గా అప్పుడే సైకిలు మీద పోతున్న వెంకట్రాజు కాలు నేలమీద ఆన్చి ఆగాడు.

"ఆయ్, సూర్రావుగారి దగ్గర పెట్టారేంటండీ? ఇంకేం, గేదెల డాక్టరుగారు కదా."

నేను గేదెల డాక్టర్ని అన్న మాట నిజమే. మా గేదెకు మూడుసార్లు దురద పుడితే మూడుసార్లూ నేనే తగ్గించాను. ఆ సంగతి తరవాత వస్తుంది. ముందు ఎక్కిళ్ళు వచ్చాయి.

ఆ సాయంత్రం పెరుగన్నం తిన్న పది నిమిషాలకు లిల్లీకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఎక్కిలి వచ్చినప్పుడల్లా నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేలమీంచి లేస్తున్నాయి. నేను గడియారం ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి పదిహేడు.

"సత్యవతీ, ఇది ఊపిరితిత్తుల మీదికి వచ్చింది" అని మా ఆవిణ్ణి పిలిచాను.

"ఎక్కిళ్ళండీ. పసిపిల్లలకు రావూ?"

"పసిపిల్లలు వేరు, కుక్కలు వేరు. కుక్క ఊపిరితిత్తుల మీద నేనొక కాగితం చదివాను."

"ఏ పొట్లానిది?"

"ఉప్మారవ్వది. ఇప్పుడదా ముఖ్యం?"

మా ఆవిడ నా మాట వినిపించుకోకుండా కుక్కపిల్ల ముందు బాసింపట్టు వేసుకు కూర్చుని, గుడ్లురిమి, "మీగడ గిన్నె నాకింది నువ్వే కదూ? చూసినవాళ్ళున్నారు, నిజం చెప్పు" అంది. ఎక్కిళ్ళకు మావైపు ఇదే మందు. చెయ్యని దొంగతనం మోపితే మనిషి ఉలిక్కిపడి ఎక్కిళ్ళు మరిచిపోతాడు. లిల్లీ తల ఒక పక్కకు వాల్చి, ఆ నేరం తనదా కాదా అని కాసేపు ఆలోచించింది. ఎక్కిళ్ళు ఆగిపోయాయి.

"చూశారా" అని మా ఆవిడ చీర దులుపుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కుక్కపిల్లలకు ఎక్కిళ్ళు వాటంతటవే వచ్చి వాటంతటవే పోతాయని చాలా ఏళ్ళ తరవాత ఒక పుస్తకంలో చదివాను. మా ఆవిడకు మాత్రం చెప్పలేదు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. నా ఇంట్లో, నా కళ్ళముందు, ఒక్క పొట్లమైనా చదవని మనిషి వైద్యం పారింది.

శనివారం పొద్దున్నే లిల్లీ గోక్కోవడం చూశాను. వెనక కాలు చెవి దగ్గర పెట్టి, కుట్టుమిషను తొక్కినట్టు తొక్కుతోంది. పొట్టు గచ్చు మీద రాలుతోంది. నా చేతులు ఊరుకుంటాయా? సోమవారం టీచరుగారు దిగేసరికి దురద లేని కుక్కపిల్లను చేతిలో పెడితే, "పెట్టినట్టు" కాదు, పెట్టినదానికంటే మిన్నగా తిరిగిచ్చినట్టు. బీరువాల తాళం నా మొలతాడుకు వేలాడుతున్నట్టే కనపడింది.

వేపాకు కోసుకొచ్చి రోలు దగ్గర కూర్చున్నాను. శ్రావణమాసం కదా, పేరంటాలకని తెచ్చిన పసుపు ఇంట్లో డబ్బాలకొద్దీ ఉంది. మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది.

"టీచరుగారు వైద్యం చెయ్యొద్దన్నారు కదండీ."

"ఇది వైద్యం కాదు, పసుపు. పసుపు రాయడమే వైద్యమైతే, పేరంటంలో నీ కాళ్ళకు రాసేవాళ్ళంతా డాక్టర్లేనా?"

మా ఆవిడ తల కొట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆ వాదనకు ఈరోజు దాకా ఎవరి దగ్గరా జవాబు లేదు. నేను వాదన గెలిచిన ప్రతిసారీ ఏదో ఒకటి తగలడింది, అంతే.

లిల్లీకి నూరిన ముద్ద తెగ నచ్చింది. వెల్లకిలా పడుకుని పొట్ట కూడా చూపించింది. ముక్కు చివర నుంచి తోక చివరిదాకా దట్టంగా పట్టించి, రెండు గంటలు ఉంచి, నాలుగు చెంబులు పోశాను. గేదెకు నేను చేసింది అక్షరాలా ఇదే. రాసేముందు గేదె నల్లగా ఉంది, రాశాక నల్లగా ఉంది, కడిగాక కూడా నల్లగా ఉంది. పసుపుకు రంగుంటుందన్న సంగతి మా గేదె నాకెన్నడూ చెప్పలేదు.

పమేరియను చెప్పింది.

సాయంత్రం వెంకట్రాజు గోడ మీంచి తొంగిచూశాడు. వాడికి మా ఇంట్లో పనేంటో నాకిప్పటికీ తెలియదు.

"ఏంటండీ సూర్రావుగారూ, కుక్కకు కామెర్లా?"

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందట. నీ కళ్ళు చూపించుకో."

"నా కళ్ళకు మీ గోడ తెల్లగానే కనపడుతోందండి" అని, "సోమవారం కదండీ వచ్చేది, టీచరుగారు?" అని అడిగి, ఈలవేసుకుంటూ పోయాడు. ఆ ఈల పాట కూడా నాకు గుర్తుంది.

ఆదివారం మా ఆవిడ కూరగాయలకు మార్కెట్టుకు వెళ్ళగానే లిల్లీని పెరట్లో గోలెం దగ్గరికి తీసుకెళ్ళాను. పసుపంటిన బట్టను ఏం చేస్తాం? ఉతుకుతాం. బట్టల సబ్బు తీసి రుద్దాను. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేరని పెద్దలు అంటారు. నేను గోదారిదాకా పోలేదు, పెరటి గోలెంలోనే మునిగాను. సబ్బు రుద్దిన చోటల్లా నురగ ఎర్రబడటం మొదలెట్టింది. ముందు మెడ, తరవాత వీపు, తరవాత మొత్తం. కొత్తనీరు వచ్చినప్పుడు ఆనకట్ట దిగువన గోదారి ఎలా ఉంటుందో, లిల్లీ అలా అయింది.

నిజం చెబుతున్నాను, అది నెత్తురనుకున్నాను. వేపాకు ఈనెలు చర్మాన్ని కోసేశాయని, ఇన్ని రోజులూ పిల్ల లోపల్లోపల పుండై ఉందని, నా చేతుల్లోనే పోతోందని అనుకున్నాను. బీరువాలు గుర్తు రాలేదు. గోలెం పక్కన బురదలో చతికిలబడి దాన్ని పొట్టకు అదుముకున్నాను. అది నా ముక్కు మీది సబ్బు నాకి తుమ్మింది.

మా ఆవిడ సంచితో వచ్చేసరికి ఇద్దరం ఎర్రగా ఉన్నాం.

"పోయిందే సత్యవతీ. పిల్ల పోయింది."

ఆవిడ సంచి కింద పెట్టి, ఒక వేలితో నురగ తీసి చూసి, నా మొహం చూసింది. "పసుపు మీద సబ్బు పెడితే ఎర్రబడుతుందండీ. పసుపులో సున్నం కలిపితే పారాణి అవ్వడం చూళ్ళేదూ? ఇదీ అంతే. ఏడేళ్ళప్పుడే మా అమ్మ చెప్పింది నాకు. మీ పొట్లాల్లో రాయలేదా?"

"రాసే ఉంటారు. అందులో చింతపండు కట్టి ఉంటారు."

మంచినీళ్ళు పోస్తే ఎరుపు పోయి మళ్ళీ పసుపు తేలింది.

"మరి పసుపు దేంతో పోతుంది?"

"ఎండతో. నాలుగు రోజులు ఎండ తగిలితే అదే పోతుంది. మీరు ఇంకేం చెయ్యకండి."

నేను ఆకాశం వంక చూశాను. మూడు రోజులుగా పట్టిన ముసురు. నా దగ్గర నాలుగు రోజులూ లేవు, ఎండా లేదు. ఉన్నదల్లా వసారా దండెం మీద ఆరుతున్న నా పంచె. పంచెలు వాడగా వాడగా పసుపుపచ్చగా తిరుగుతాయి. వాటిని మా ఆవిడ నీలిమందు నీళ్ళలో ముంచుతుంది, మల్లెపువ్వుల్లా అవుతాయి. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. ఆ క్షణాన నాకు నేనే ఎంత తెలివైనవాడిలా కనపడ్డానో చెప్పలేను.

పంచెకు నాలుగు చుక్కలు చాలు. కుక్కపిల్లకు బొచ్చెక్కువ కదా అని అర సీసా ఒంపాను.

పసుపూ నీలం కలిస్తే ఏమవుతుందో ఒకటో తరగతి పిల్లల్ని అడగండి, చెబుతారు. ఒకటో తరగతి నేను పాసయ్యాను, అదే నా బాధ. గోలెంలోంచి పైకెత్తేసరికి లిల్లీ పచ్చగా ఉంది. మామూలు పచ్చ కాదు. నారు ఊడ్చిన ఇరవై రోజులకు వరిచేను వేరు తన్నుకుని నిగనిగలాడుతుందే, ఆ పచ్చ. అదే ఏ చేనుకో వస్తే రైతు చంకలు గుద్దుకునేవాడు.

వంటింట్లోంచి వచ్చిన మా ఆవిడ చూసి, మెట్టు మీద కూర్చుండిపోయింది. తరవాత, "నోట్లోకి పోయిందా ఏమైనా?" అంది. ఆ నాలుగు రోజుల్లో ఎవరైనా అడిగిన మొదటి సరైన ప్రశ్న అది. ఒంటి మీద నీళ్ళు ఓడ్చి, తడిగుడ్డతో మూతి తుడిచి, మజ్జిగ పట్టింది. లిల్లీ మజ్జిగ తాగి, నా చెప్పు కొరికింది. ప్రాణానికి ఢోకా లేదని తేలాక, నా బతుకు ఏమవుతుందన్న బెంగ మొదలైంది.

సోమవారం పొద్దున్న ఇంకో వింత. పెరట్లో తోటకూర మడిలో వదిలితే కుక్కపిల్ల మాయమైపోయింది. ఇద్దరం అరగంట వెతికాం. ఆకుల మధ్య రెండు మిరియాలు కదిలితే తప్ప దొరకలేదు.

మధ్యాహ్నం తణుకు నుంచి టీచరుగారు దిగారు. చేతిలో పెళ్ళి లడ్డూల పొట్లం. నేను లిల్లీని తువ్వాలులో చుట్టి పట్టుకున్నాను. టీచరుగారి గొంతు వినగానే అది తువ్వాలు దులుపుకుని బయటికి దూకింది.

ఆవిడ కళ్ళజోడు తీసి, పైట చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"సూర్రావుగారూ."

"అండి."

"ఇది లిల్లీయేనా?"

"లిల్లీయేనండి. లోపల లిల్లీయే."

"బయట?"

"బయట కొంచెం వైద్యం జరిగిందండి."

ఆవిడ మా ఆవిడ వంక చూశారు. మా ఆవిడ ముసురు వంక చూసింది. వెంకట్రాజు మధ్యాహ్నం రెండింటికి సొసైటీలో ఉండాల్సిన మనిషి, అప్పుడు గోడ మీద ఉన్నాడు.

అలాగే ఆస్పత్రికి నడిచాం. ముందు టీచరుగారు, ఆవిడ చంకలో వరిచేను, వెనక తల వంచుకుని నేను. కుర్ర డాక్టరుగారు లిల్లీని బల్ల మీద పెట్టి, దాన్నీ నన్నూ మార్చిమార్చి చూసి, "ముందు దేనికి వచ్చారో చెప్పండి, ఈ రంగుకా, ఇంకేదైనా ఉందా?" అన్నాడు.

"దురదండి. పొట్టు రాలుతోంది" అన్నారు టీచరుగారు.

ఆయన బొచ్చు పాయలు తీసి చూశాడు. చెవులు చూశాడు. "పురుగూ పుట్రా ఏం లేవు. గజ్జీ కాదు. స్నానం ఎన్నాళ్ళకోసారి?"

"రోజూ చేయిస్తానండి" అన్నారు టీచరుగారు గర్వంగా. "సబ్బు పెట్టి. తెల్లటిది కదా."

"రోజూ సబ్బు రుద్దితే ఒంట్లో జిడ్డంతా పోయి చర్మం ఎండిపోతుందండి. పొట్టు లేవక ఏం చేస్తుంది? ఇది రోగం కాదు. స్నానం మానేస్తే అదే తగ్గుతుంది."

టీచరుగారు లిల్లీ చెవులు సర్దడం మొదలెట్టారు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. చదవకపోయినా పోతుందని నేను రుజువు చేశాను గాని, చదివినవాళ్ళకూ పోతుందని ఆరోజు తేలింది. నా మొహం మీద ఏదో వెలిగి ఉండాలి.

"ఎన్నాళ్ళు మానాలండి?" అని టీచరుగారు నెమ్మదిగా అడిగారు.

"పదిహేను రోజులు. ఒంటిమీద చుక్క నీళ్ళు పడకూడదు."

"మరి ఈ రంగు?"

"రంగుకు నా దగ్గర మందు లేదండి. ఉన్నన్నాళ్ళు ఉంటుంది."

దారిలో టీచరుగారు అన్నారు, "తప్పు ఇద్దరం చేశాం సూర్రావుగారూ."

"నేనా మాట అనలేదండి."

"మీ మొహం అంటోంది. అయితే నా తప్పు పైకి కనపడదు, మీ తప్పు ఊరంతా కనపడుతుంది. అంచేత రోజూ పొద్దున్నా సాయంత్రం దీన్ని మీరే తిప్పండి. ఎండ కాస్తే పసుపైనా విరుగుతుంది."

తిప్పాను. పదిహేను రోజులు, రెండు పూటలా, లాకుల నుంచి బస్టాండు దాకా. ముసురు విడిచి ఎండ వచ్చింది. మా ఆవిడ చెప్పినట్టే పసుపు విరిగింది. నీలిమందుకు ఎండంటే లెక్కలేదు. అంచేత పదో రోజుకు లిల్లీ పచ్చదనం పోయి ఆకాశం రంగుకొచ్చింది. బస్టాండు దగ్గర టీ కొట్టాయన గ్లాసు చేతికిస్తూ "రేపేం రంగండీ?" అని అడిగాడు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. నేనింకా క్షమించలేదు.

దురద మాత్రం పోయింది. గోకుడు లేదు, పొట్టు లేదు.

పదహారో రోజున టీచరుగారు వెంకట్రాజునీ నన్నూ వరండాలోకి పిలిచారు. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నేను ఓడిపోయినవాడిలా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఆ గాజు తలుపుల వెనక పుస్తకాల వీపులు ఆఖరిసారి చూసుకుంటున్నాను. ఆవిడ తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు.

నేను దాన్ని మొలతాడుకు కట్టుకోబోయాను. వెంకట్రాజు అడ్డొచ్చాడు. "ఇదేం న్యాయమండి? తెల్లగా ఇస్తే నీలంగా తెచ్చిన మనిషికా?"

"నీకిస్తే పుస్తకాలు భద్రంగానే ఉంటాయి నాయనా, ఎలాగూ తెరవవు కనుక" అన్నారావిడ. "ఈయన సగం కాగితాలు చదివి ఇంత చేశాడు. మొత్తం చదివితే కాస్త తగ్గుతాడేమో చూద్దాం." తరవాత నా వైపు తిరిగారు. "సూర్రావుగారూ, మీ మీద నమ్మకంతో ఇస్తున్నాననుకోకండి. ఈ వీధిలో మూగజీవాల ప్రాణాలు కాపాడ్డానికి ఇస్తున్నాను. ఏ పుస్తకమైనా చివరి పేజీ అయ్యాకే గుమ్మం దిగండి."

అప్పటినుంచి చదువుతూనే ఉన్నాను, చివరి పేజీల దాకా. డెబ్బై దాటిన ఈ వయసులో, అఖండ గోదావరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఊపిరి పీల్చే ఏ ప్రాణికీ పసుపు పట్టించను, సబ్బు రుద్దను, నీలిలో ముంచను. మూగజీవానికి ఒంట్లో బాగోకపోతే పశువుల ఆస్పత్రి మెట్లెక్కుతాను తప్ప రోలు దగ్గర కూర్చోను.

ఈ ప్రమాణం రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి మోకాలు చూసుకుని, "మనుషుల సంగతి కూడా రాయండి. నిన్నటినుంచి దీనికేదో నూరుతున్నారు" అంది.

రాస్తున్నాను. మనుషులక్కూడా.